బొటనవేలి గరుకు

సోమవారం ఉదయం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, కుడిచేతి బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకోవడం నాకు ఎన్నో ఏళ్ల అలవాటు. వేలు ఉప్పుకాగితంలా గరుకుగా తగిలితే శనివారం బాగా గడిచినట్టు. నున్నగా ఉంటే సరస్సు ఉత్త చేతులతో పంపినట్టు. శనివారాల్లో నేను గాలం వేసేది బాస్ అనే మంచినీటి చేప కోసం. దానికి కోరల్లాంటి పళ్లు ఉండవు. పెదవుల లోపలి అంచున ఆకురాయి మీది గీతల్లా సన్నని పళ్లు వరుసగా ఉంటాయి. కింది దవడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పైకెత్తితే చేప కదలకుండా నిలుస్తుంది. అలా అయిదారు చేపలను పట్టి వదిలేసరికి వేలి మీద చర్మం రేగుతుంది. టెక్సస్‌లో గాలం వేసేవాళ్లు దానికి పెట్టుకున్న పేరు ‘బాస్ థంబ్’. నొప్పి ఉండదు, రెండు మూడు రోజుల్లో దానంతట అదే మానిపోతుంది. బుధవారం నాటికి అది మానిపోతున్నందుకు నాకు కాస్త దిగులుగా ఉండేది.

ఆ గరుకును నాకు పరిచయం చేసినవాడు మా పక్కింటి పెద్దాయన.

1998లో ఉద్యోగం మీద డాలస్ వచ్చాను. మూడేళ్లు అపార్ట్‌మెంట్‌లో గడిపి, 2001 వేసవిలో నగరానికి ఉత్తరాన ఒక చిన్న ఇల్లు కొనుక్కున్నాము. సామాను సర్దుకుంటున్న మొదటి వారంలోనే సాయంత్రం పూట పక్కవైపు నుంచి ‘ఠంగ్’ మని ఒక చప్పుడు వినిపించేది. కాసేపాగి మళ్లీ ‘ఠంగ్’. మూడో రోజు కిటికీలోంచి చూశాము. పొడవాటి మనిషి, డెబ్భై దాటిన వయసు, తల మీద వెలిసిపోయిన టోపీ. పచ్చికలో ఒక రేకు తొట్టి పెట్టి, నలభై అడుగుల దూరంలో నిలబడి, గాలపు కర్రతో ఒక చిన్న గుండును దాంట్లోకి విసురుతున్నాడు. పది విసుర్లకు ఎనిమిది తొట్టిలోనే పడుతున్నాయి. మా అమ్మాయికి అప్పుడు అయిదేళ్లు. మేము చూస్తుండగానే పరుగెత్తుకుంటూ వెళ్లి తొట్టి పక్కన నిలబడింది. ఆయన కోప్పడలేదు. రెండడుగులు వెనక్కి జరగమని చెప్పి, పడినవాటిని లెక్కపెట్టే పని అప్పగించాడు.

టెలిఫోను కంపెనీలో స్తంభాలెక్కి తీగలు బిగించే పని చేసి రిటైరైన మనిషి. భార్య పోయి నాలుగేళ్లు. “ఎప్పుడైనా చేపలు పట్టావా?” అని అడిగాడు. చిన్నప్పుడు మా ఊరి పంట కాలువలో వెదురు కర్రతో పట్టానని, నెమలి ఈక కాడను బెండుగా కట్టేవాళ్లమని చెప్పాను. ఈక కాడ అనగానే ఆయన కళ్లు వెలిగాయి. ఎంత పొడవు ఉండేది, దారానికి ఎలా కట్టేవారు, ఎంత సీసం వేస్తే నిటారుగా నిలబడేది అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఈ దేశానికి వచ్చాక నా చిన్ననాటి పనిని అంత శ్రద్ధగా అడిగి తెలుసుకున్న మొదటి మనిషి ఆయనే. చివరకు, “శనివారం రా. ముందు లైసెన్సు తీసుకో” అన్నాడు.

టెక్సస్‌లో పదిహేడేళ్లు నిండినవాళ్లు చేపలు పట్టాలంటే లైసెన్సు ఉండాలి. మామూలు లైసెన్సుకు ఏటా ఆగస్టు 31తో గడువు తీరుతుంది. 1931 జనవరి 1కి ముందు పుట్టినవాళ్లకు మాత్రం అక్కర్లేదు. ఆయన 1929లో పుట్టాడు. అందుకని ఆయన జేబులో లైసెన్సు బదులు పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డు ఉండేది. అధికారి పడవ దగ్గరకు వచ్చినప్పుడు దాన్ని తీసి చూపించడమంటే ఆయనకు మహా గర్వం.

గాలపు దారం చుట్టి ఉండే రీళ్లలో ఆయన నా చేతికిచ్చిన మొదటిది జెబ్కో 33. ఆ రీలు కథ ఆయన చెబితేనే వినాలి. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో ‘జీరో అవర్ బాంబ్ కంపెనీ’ ఉండేది. చమురు బావుల్లో పేల్చే మందుగుండు సాధనాలు వాళ్ల సరుకు. ఆ పేరులోని అక్షరాలు కలిపితేనే జెబ్కో. 1940లలో ఆర్.డి. హల్ అనే గడియారాల పనివాడు ఒక కొత్త రీలు ఆలోచనతో వాళ్ల తలుపు తట్టాడు. దుకాణంలో పొట్లాలు కట్టేటప్పుడు కండె కదలకుండా ఉండగా దాని కొస మీదుగా దారం జారి రావడం చూసి అతనికి ఆ ఊహ తట్టిందట. 1949లో మొదటి రీలు, 1954లో 33 వచ్చాయి. కండె తిరగదు కాబట్టి చిక్కు పడదు. వెనక ఒక మీట ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కి పట్టుకుని, కర్రను వెనక్కి తీసి ముందుకు విసురుతూ వేలు ఎత్తేస్తే చాలు. పొడవైన కర్రలు, ఖరీదైన రీళ్లు ఆ తర్వాత నా దగ్గర చాలా చేరాయి. కానీ ఆ మీట నొక్కినప్పుడు వచ్చే ‘టిక్’ చప్పుడు వింటే ఇప్పటికీ నా భుజం దానంతట అదే విసరడానికి సిద్ధపడుతుంది.

మొదటి బాస్ ఆ అక్టోబరులో పడింది. లూయిస్‌విల్ సరస్సులో ఒక మూల, గాలి తగలని చిన్న మడుగు. అంతకుముందు రెండు శనివారాలు నాకు ఏమీ పడలేదు. కారణం నా కళ్లు. చిన్నప్పుడు బెండు మీద చూపు నిలిపి పెరిగినవాణ్ని. బెండు ఊగితే చిన్న చేప, మునిగితే పెద్ద చేప. ఇక్కడ బెండు లేదు. ప్లాస్టిక్ వానపామును కొక్కేనికి గుచ్చి, కొక్కెం మొనను దాని ఒంట్లోనే దాచి, పైన తూటా ఆకారపు సీసపు గుండు వేసి అడుగుకు దించుతారు. మొన బయటకు కనిపించదు కాబట్టి కొమ్మల మధ్య నుంచి, నాచులోంచి లాగినా తట్టుకోదు. దీన్ని టెక్సస్ రిగ్ అంటారు. నీటి పైన చూడటానికి ఏమీ ఉండదు. నేను మాత్రం దారం నీటిలోకి దిగే చోటునే గుడ్లప్పగించి చూస్తూ కూర్చునేవాణ్ని.

ఆ రోజు పెద్దాయన నా చూపుడువేలిని పట్టుకుని దారం కిందకు జరిపాడు. “ఇప్పుడు కళ్లు మూసుకో” అన్నాడు. “కర్ర కొస నెమ్మదిగా ఎత్తు. ఆపు. దించు. కింద ఏముందో చెప్పు.”

ఏమీ తెలియలేదు. మళ్లీ ఎత్తమన్నాడు. నాలుగోసారికి వేలి మీద సన్నగా చిటచిటలాడినట్టు అనిపించింది. “గులకరాళ్లు” అన్నాడు ఆయన, నేను చెప్పకముందే, నా కర్ర కొస చూసి. ఇంకాస్త లాగాక ఆ చిటచిట పోయి దారం మెత్తబడింది. అది బురద. తర్వాత దారం బరువెక్కి, మెల్లగా పైకెక్కి, ఒక్కసారి జారి పడింది. “అది కొమ్మ. అక్కడ ఆగు. లాగకు.” ఆగాను. ఊపిరి కూడా బిగబట్టాను. తంబురా తీగను ఎవరో అవతలి కొసన గోటితో ఒక్కసారి మీటితే ఇవతల పట్టుకున్న వేలికి ఎలా తెలుస్తుందో, సరిగ్గా అలా ‘టక్’ మంది. ఆ తర్వాత ఏమీ లేదు. దారం మాత్రం మెల్లగా పక్కకు నడుస్తోంది.

కర్రను దించి, వదులు చుట్టి, బలంగా ఎత్తాను. నీరు పగిలి చేప గాలిలోకి లేచింది. దవడలు తెరుచుకుని, తల అటూ ఇటూ విదిలిస్తూ, ఒంటి పక్కన నల్లటి చార మెరుస్తూ. బరువు పౌనున్నర ఉంటుందేమో. పడవ పక్కకు తెచ్చాక ఆయన వంగి పట్టుకోలేదు. “నీ చేప. బొటనవేలు దాని నోట్లో పెట్టు” అన్నాడు. చేప నోట్లో వేలు పెట్టడానికి భయపడ్డాను. ఆయన తన బొటనవేలు చూపించాడు. ఏళ్ల తరబడి రాసుకుపోయి, వేలిముద్ర గీతలు కూడా సరిగా కనిపించని వేలు. అప్పుడు ధైర్యం వచ్చింది.

ప్లాస్టిక్ వానపాము గురించి మరొక మాట చెప్పాలి. ఒహాయోలోని ఏక్రన్ నగరంలో నిక్ క్రీమ్ అనే ఆయన 1949లో మెత్తటి ప్లాస్టిక్‌ను కరిగించి అచ్చుల్లో పోసి వీటిని చేశాడు. తర్వాత ఆ కంపెనీ టెక్సస్‌లోని టైలర్ పట్టణానికి వచ్చింది. ఆ చుట్టుపక్కల సరస్సుల్లో ఈ పద్ధతి రాటుదేలింది కనుకనే రిగ్‌కు ఆ రాష్ట్రం పేరు నిలిచిందని పెద్దాయన వాదన. ఆ వాదన నిజమో కాదో గానీ, ఆయన మాత్రం టైలర్ మీదుగా కారులో వెళ్లిన ప్రతిసారీ టోపీ తీసేవాడు.

ఇక వాటి రంగులు! గుమ్మడి గింజ, పుచ్చకాయ, ద్రాక్ష, మోటారు ఆయిల్, నలుపూ నీలం కలిసినది. తేట నీటికి పుచ్చకాయ, బురద నీటికి నలుపూ నీలం అని ఒక లెక్క ఉంది. అది చాలావరకు నిజమే. మొదటి రెండేళ్లలో నేను ముప్ఫై రకాలు కొన్నాను. పెట్టె తెరిస్తే చీరల దుకాణంలా ఉండేది. పెద్దాయన దగ్గర మూడే రంగులు. అయినా నా కంటే రెట్టింపు చేపలు ఆయనకే పడేవి. రంగుకు చేప లొంగుతుందని అప్పుడు నమ్మాను. ఇప్పుడు నా నమ్మకం వేరు. ఎర అడుగున ఎంతసేపు కదలకుండా ఉందన్నదే ముఖ్యం. నా పెట్టెలో ముప్ఫై రంగులు ఉన్నందువల్ల పది నిమిషాలకొకసారి మార్చుకుంటూ కూర్చునేవాణ్ని. ఆయన ఎర మాత్రం నీటిలోనే ఉండేది.

మెత్తటి వానపాములను గట్టి ప్లాస్టిక్ ఎరల పక్కన పెట్టకూడదన్న సంగతి కూడా నష్టపోయాకే తెలిసింది. ఒక ఆగస్టులో పెట్టెను కారు డిక్కీలో మరిచిపోయాను. వారం తర్వాత తెరిస్తే వానపాములు కరిగి, అరల గోడలను కూడా తినేసి, అన్నీ కలిసి జిగట ముద్ద అయ్యాయి. మా అమ్మాయి ఆ ముద్దను చాలా కాలం దాచుకుంది.

తిరిగే కండె ఉన్న రీలు, అదే బెయిట్‌కాస్టర్, నా చేతికి రావడానికి ఒక చలికాలమంతా పట్టింది. అందులో ఎర బరువే కండెను తిప్పుతుంది. గాలిలో ఎర వేగం తగ్గినా కండె అదే జోరులో తిరుగుతుంటే, బయటకు పోవలసిన దారం లోపలే వదులై లేచి గూడు కడుతుంది. దాన్ని ఇక్కడ పక్షి గూడు అంటారు. దాన్ని ముఖ్యంగా ఆపేది బొటనవేలే. కండెను ముట్టీ ముట్టనట్టు ఆనించి, ఎర నీటిని తాకబోయే క్షణంలో నొక్కాలి. ముందు పక్కనున్న మరను సరిచూసుకోవాలి. మీట నొక్కి వేలు తీస్తే ఎర నెమ్మదిగా దిగాలి, నేలను తాకగానే కండె ఆగిపోవాలి. ఇదంతా నోటితో చెప్పడం సులువు. నేను మాత్రం పచ్చికలో ఆయన తొట్టి ముందు నిలబడి రోజుకు యాభై విసుర్లు విసిరాను. మొదటి వారంలో తొట్టి ఒక్కసారి కూడా మోగలేదు.

ఒక సాయంత్రం మరీ పెద్ద గూడు పడింది. నేను ఒక కొస పట్టుకుని లాగుతున్నాను. లాగేకొద్దీ బిగుసుకుంటోంది. కత్తెర తేబోతుంటే మా ఆవిడ వచ్చి, “ఇలా ఇవ్వండి. పూలదారం చిక్కు ఎప్పుడైనా లాగితే వచ్చిందా?” అంది. అరుగు మీద కూర్చుని రీలును ఒళ్లో పెట్టుకుంది. ఒక కొస కోసం వెతకలేదు. అన్ని చుట్లనూ వేళ్లతో వదులు చేసుకుంటూ వచ్చింది. ఇరవై నిమిషాల్లో దారమంతా పచ్చిక మీద జారి పడింది. పెద్దాయన కంచె అవతలి నుంచి ఇదంతా చూశాడు. మర్నాడు తన గ్యారేజీలో ఏళ్ల నుంచి పడి ఉన్న రెండు చిక్కు రీళ్లు తెచ్చి, టోపీ చేతిలో పట్టుకుని, మా ఆవిడ ముందు నిలబడ్డాడు. ఆమె ఆ రెండింటినీ విప్పింది. ఆ తర్వాత మేము సరస్సుకు వెళ్లే ప్రతి శనివారం ఆయన కోసం వేరుగా పులిహోర డబ్బా ఉండేది. పేరు పలకలేక ఆయన దాన్ని ‘పసుపన్నం’ అనేవాడు. చేతులు కడుక్కుని, పడవ అంచున కూర్చుని, వేరుశనగ గింజలను ఏరి చివరకు ఉంచుకుని తినేవాడు.

మా తీర్థస్థలం లేక్ ఫోర్క్ అనే సరస్సు. డాలస్‌కు తూర్పున గంటన్నర ప్రయాణం. తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరేవాళ్లం. సబీన్ నదికి ఉపనది అయిన వాగు మీద 1980లో పూర్తయిన ఆనకట్ట వెనక నిండిన సరస్సు అది. నీరు నింపేటప్పుడు చెట్లను చాలావరకు నరకకుండా వదిలేశారు. అందుకే ఈనాటికీ వేలాది మోడులు నీటిలోంచి నిలబడి ఉంటాయి. మంచు పొగలో వాటి మధ్య నుంచి పడవ నడుపుతుంటే మాటలు వాటంతట అవే ఆగిపోతాయి. సరస్సు నిండకముందే అందులో ఫ్లోరిడా జాతి బాస్‌ను వదిలారు. అవి బాగా పెరుగుతాయి. 1986 నవంబరులో మార్క్ స్టీవెన్‌సన్ అనే గైడు అక్కడ 17.67 పౌన్ల చేపను పట్టాడు. దాన్ని చంపకుండా రాష్ట్ర అధికారులకు అప్పగించడంతో, 13 పౌన్లు దాటిన ఆడ చేపల నుంచి పిల్లలను పెంచే షేర్‌లంకర్ కార్యక్రమానికి నాంది పడింది. 1992 జనవరిలో బారీ సెయింట్ క్లెయిర్ అదే సరస్సులో పట్టిన 18.18 పౌన్ల చేపదే ఇప్పటికీ టెక్సస్ రికార్డు. ఆయన ఆ రోజు గాలం వేసింది బాస్ కోసం కూడా కాదు. క్రాపీ అనే చిన్న చేపల కోసం చిన్న ఎరచేపను కట్టి వేశాడు. రేవు దగ్గర పడవ దించుతూ ఈ అంకెలు ఒకరికొకరు చెప్పుకోవడం మాకు ఒక మంత్రం.

అక్కడ నాకు పట్టుబడని చేప ఒకటి ఉంది. పట్టిన వాటికంటే అదే ఎక్కువ గుర్తుకొస్తుంది.

2006 ఫిబ్రవరి చివరి వారం. నీటి వేడి 55 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆ కాలంలో మంచినీటి రొయ్యల్లాంటి ఎర్రటి క్రాఫిష్‌లు బొరియల్లోంచి బయటకు వస్తాయి. బాస్ వాటి కోసం నాచు అంచులకు చేరుతుంది. లోపల గుండ్లు గలగలలాడే చదునైన ఎర్రటి ఎరను నాచు మీదుగా లాగి, అది చిక్కుకున్నప్పుడు ఒక్క విదిలింపుతో ఊడబెరకాలి. ఆ విదిలింపు దగ్గరే చేప కరుస్తుంది. పొద్దున్నుంచి నాలుగు పట్టాను. రెండుసార్లు ఎర మోడుల్లో ఇరుక్కుంటే ఊడలాగాను. అటువంటప్పుడు చివరి మూడు నాలుగు అడుగుల దారాన్ని వేళ్ల మధ్య జార్చి చూసుకోవాలి. ఎక్కడైనా గీరుకుపోతే గోటికి తగులుతుంది. అంతవరకు తెంచి కొత్తగా ముడి వేయాలి. పాలొమార్ ముడికి అర నిమిషం చాలు. దారాన్ని మడిచి కన్నంలోంచి తీసి, ఒక ముడి వేసి, ఎరను ఆ ఉచ్చులోంచి దాటించి, ఉమ్మితో తడిపి బిగించాలి. తడపకపోతే ఒరిపిడి వేడికి నైలాన్ బలం పోతుంది.

పెద్దాయన వెనక నుంచి అడిగాడు: “దారం తడిమావా?”

“తడిమాను” అన్నాను. తడమలేదు. చేపలు కరుస్తున్నాయి, చేతులు చల్లబడ్డాయి, మళ్లీ విసరాలన్న ఆత్రం.

మూడో విసురుకు ఎర ఆగిపోయింది. మోడు అనుకున్నాను. ఆ మోడు కదిలింది. కర్ర సగానికి వంగింది. రీలులోంచి దారం ఈలవేస్తూ పోతోంది. ఒక్కసారి, ఒక్కసారే, అది పైకి వచ్చింది. పూర్తిగా ఎగరలేదు, అంత బరువు ఎగరలేదు. తల, భుజాలు మాత్రం నీటిపైకి వచ్చాయి. తెరిచిన నోరు చిన్న బిందెంత ఉంది. అంత పెద్ద చేప నా దారానికి ముందూ లేదు, తర్వాతా లేదు. తల విదిలించింది. చేతిలో కర్ర నిటారైంది. దారం గాలిలో తేలుతూ వచ్చి నా మోకాలి మీద పడింది. కొస చూశాను. ముడి దగ్గర తెగలేదు. ముడికి రెండడుగుల పైన తెగింది. తెగిన చోట దారం పొట్టులా రేగి ఉంది.

ఆయన దాన్ని తీసుకుని వేళ్ల మధ్య జార్చి చూశాడు. ఒక్క మాట అనలేదు. తన పెట్టెలోంచి తనకున్న ఒకే ఒక్క ఎర్ర ఎరను తీసి, నా దారానికి తానే ముడి వేసి, కర్ర నా చేతికిచ్చి, తాను ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. “తెలుసు. నీ చేతులు పొడిగా ఉన్నాయి” అన్నాడు. దారం తడిమిన చేయి తడిగా ఉంటుంది కదా. అప్పటి నుంచి ప్రతి చేపకూ, ప్రతి మోడుకూ తడుముతాను. ఆ చేప నోట్లో నా ఎర ఎంతకాలం ఉండిపోయిందో అన్న బాధ మాత్రం నన్ను వదల్లేదు.

చేపను వదిలేయడం మా ఆవిడకు చాలాకాలం అర్థం కాలేదు. పొద్దున మూడున్నరకు లేచి, అంత దూరం పోయి, పట్టిన చేపను నీటిలోకి వదిలి రావడమేమిటని అడిగేది. పులుసు పెట్టుకోవడానికే కదా చేప! లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న బాస్‌ను వదిలేసి తీరాలి, అది చట్టం అని చెప్పేవాణ్ని. అలా చెప్పి తప్పించుకునేవాణ్ని గానీ, చట్టం లేని చెరువుల్లో కూడా నేను వదిలేసేవాణ్ని. 1972లో బాస్ పట్టే పోటీలు నడిపే రే స్కాట్ తన పోటీల్లో చేపలను బతికించి వదలాలన్న పద్ధతి మొదలుపెట్టాడు. అది క్రమంగా బాస్ పట్టేవాళ్లందరి అలవాటైంది. అంతకుముందు సంగతి వేరు. 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌన్ల 4 ఔన్సుల బాస్‌దే ప్రపంచ రికార్డు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురిత దానికి సరిసమానం చేశాడు. పెర్రీ, అతని స్నేహితుడు ఇద్దరికీ కలిపి ఆ రోజు ఒకటే గాలపు కర్ర. ఆ చేపను తూచి, ఇంటికి తీసుకెళ్లి వండుకున్నారు. అవి కరువు రోజులు. పెద్దాయన ఈ కథ చెప్పేటప్పుడు వండుకోవడం దగ్గర గొంతు తగ్గించేవాడు. “ఆ ఏడు నాకు మూడేళ్లు. మా ఇంట్లోనైనా అదే చేసేవాళ్లం” అనేవాడు.

మా ఆవిడకు అర్థమైంది మాటలతో కాదు. ఒక ఏప్రిల్‌లో మాతో వచ్చి, ఒడ్డు దగ్గర లోతులేని నీటిలో గుడ్ల మీద కాపలా కాస్తున్న మగ చేపను చూసింది. గుడ్లు పెట్టి ఆడది వెళ్లిపోతుంది. మగది తోకతో గూడు ఊడ్చి, పిల్లలు ఈదగలిగేదాకా అక్కడే తిరుగుతుంది. దగ్గరకు వచ్చిన ప్రతి చిన్న చేపనూ తరుముతోంది. ఆమె అరగంట పడవలో వంగి చూసింది. ఆ రోజు నన్ను ఆ పక్క ఎర వేయనివ్వలేదు.

పెద్దాయనతో చివరిసారి వెళ్లింది 2012 అక్టోబరు. అప్పటికి రెండేళ్లుగా ఆయన చూపు మధ్యలోంచి మసకబారుతూ వస్తోంది. మనిషి ముఖం కనిపించదు, అంచులే కనిపిస్తాయి. ముడి వేయడం మాత్రం వేళ్లకు తెలుసు. విసరడం కుదరలేదు. నేను విసిరి, కర్ర ఆయన చేతికిచ్చాను. ఆ మొదటి జెబ్కోనే కావాలన్నాడు. లూయిస్‌విల్‌లో అదే మడుగు.

దారం వేలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. కర్ర ఎత్తి, ఆపి, దించుతూ నాకు చెప్పడం మొదలుపెట్టాడు. “గులకరాళ్లు… ఇంకా గులకరాళ్లే… బురద. అరే, ఇక్కడ ఇంతకుముందు బురద ఉండేది కాదు.” కాసేపాగి, “కొమ్మ. ఆ కొమ్మే” అన్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. నా చేతిలో కర్ర లేదు, అయినా నా చూపుడువేలు వంగి ఉంది. ఆయన ముఖంలో ఏదో మారింది. నాకు ఏమీ కనిపించలేదు, దారం కదలలేదు. ఆయన మాత్రం కర్ర దించి, రెండు చుట్లు చుట్టి, నడుము నుంచి ఎత్తాడు.

రెండు పౌన్ల చేప. దగ్గరకు తెచ్చాక ఆయన చేయి నీటిపైన వెతుకుతుంటే మణికట్టు పట్టుకుని చేప నోటి దగ్గరకు తీసుకెళ్లాను. బొటనవేలు దాని దవడలోకి దానంతట అదే వెళ్లింది. కొక్కెం తీసి, చేపను నీటిలో ముందుకూ వెనక్కూ ఆడించి, అది తోక విదిలించేదాకా పట్టుకుని వదిలాడు. తర్వాత బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు.

ఆ చలికాలంలోనే పోయాడు. రేకు తొట్టి ఇప్పుడు మా పచ్చికలో ఉంది.

జెబ్కోను పెట్టెలో దాచి ఉంచలేదు. నైలాన్ దారం ఎండకూ వయసుకూ బలం కోల్పోతుంది. అందుకే ఏటా ఫిబ్రవరిలో పాతది తీసేసి కొత్తది చుడతాను. వేరే రీళ్లకు ఫ్లోరోకార్బన్ అనే మరో రకం దారం వాడతాను. దాంతో స్పర్శ ఇంకా బాగా తెలుస్తుంది. దీనికి మాత్రం ఆయన వాడిన పది పౌన్ల నైలానే. నిన్న సాయంత్రం మా అమ్మాయి కొత్త దారపు కండెను పెన్సిలుకు గుచ్చి పట్టుకుని ఎదురుగా నిలబడింది. నేను తడిగుడ్డలోంచి దారాన్ని జారుస్తూ చుట్టాను. నూరు గజాలు ఎక్కాక ఆపి, తెంచబోతూ ఉంటే, ఆమె చేయి చాపి చివరి నాలుగడుగులు తన వేళ్ల మధ్య మెల్లగా జార్చి చూసింది. సరస్సు నీరు 58 డిగ్రీలకు వచ్చిందట. శనివారం మూడున్నరకు అలారం పెట్టుకున్నాము.